రెండు మచ్చల గోడ

“పసుపు వేస్తే గదంతా మండిపోతున్నట్టుండి, అత్తయ్యగారికి కళ్ళు తిరిగితేనో? పోనీ నీలం వేస్తే, చలి పుట్టి జ్వరమొస్తే?”

బ్రష్షు ఇంకా తడవనైనా లేదు, హైమవతి బెంగ మొదలైంది.

నేను ఒక గోడను. కాకినాడలో ఓ మేడ కింది వాటాలో, లోపలి గది తలుపు పక్కనున్న గోడను. బట్టీలో కాలాను, సిమెంటు పూయించుకున్నాను, వచ్చినవాళ్ళందరి మేకులూ భరించాను. కిందటిసారి ఈ హైమవతే, చీరకు జాకెట్టు కలిపినట్టు, నాకూ తలుపుకూ ఒకే మీగడ రంగు వేయించి మురిసిపోయింది. దోమలొస్తాయని ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంచుతుంది. అవన్నీ ఒక ఎత్తు, ఇప్పటి గొడవ ఒక ఎత్తు.

పెయింటరు అప్పన్న నా గుండెల మీద రెండు మచ్చలు వేశాడు. ఒకటి లేత పసుపు, ఒకటి లేత నీలం. ఇక వచ్చేపోయేవాళ్ళందరికీ నేనే వింత. పక్కవాటా సుభాషిణి, “నీలం ఆసుపత్రిలా ఉంటుందండీ” అంది. ఆసుపత్రి మాట చెవినపడగానే హైమవతి మొహం పాలిపోయింది. భర్త ప్రభాకరాన్ని అడిగితే “నీ ఇష్టం” అంటాడు. సరే పసుపంటే “పసుపా?” అంటాడు!

ఇదంతా అత్తగారు మాణిక్యమ్మ కోసమే. చూపు బాగా తగ్గింది. ఈమధ్య ఈ గది దాటడం మానేసింది. అన్నం కూడా మంచం మీదికే. పలకరిస్తే పలకదు. ఇలాగే మంచం పట్టేస్తుందని కోడలి భయం. మంచి రంగు వేస్తే మనసు తేలికపడి లేస్తుందని ఆశ.

ఊరందరినీ అడిగింది, ఆవిణ్ణి తప్ప. కళ్ళు సరిగా కనపడని మనిషిని రంగు అడిగితే బాధపడుతుందట!

ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాణిక్యమ్మ నన్ను తడుముకుంటూ వస్తుంది. అరచేత్తో తోస్తుంది. నేను కదలను. ఉసూరుమంటూ తిరిగి మంచమెక్కుతుంది. చెబుదామంటే నాకు నోరేదీ?

చివరికి విసిగిపోయి హైమవతి అత్తగారి మంచం మీద కూలబడింది.

“మీరైనా చెప్పండత్తయ్యా! పసుపా, నీలమా? నా బుర్ర పనిచేయట్లేదు.”

ఫ్యాను తిరుగుతోంది. అప్పన్న డబ్బా మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. అడక్కుండా ఉండాల్సిందనుకుంటూ హైమవతి లేవబోయింది.

ముసలావిడ ఆమె కొంగు పట్టుకుంది.

“గోడకి ఏదేస్తే ఏంటే అమ్మాయ్. ఆ తలుపుకి మాత్రం ముదురు రంగేదన్నా వేయించు. అదెక్కడుందో తెలిస్తే, నేనే లేచి నీ వంటింట్లోకొస్తాను.”