ఇందుకూరుపేటలో కొత్త బుల్లెట్టు, కొత్త జ్వరం

మోటారు సైకిళ్ళ గురించి సమాధానం అనే అయ్యవారికి తెలిసినంత ఇందుకూరుపేటలో ఇంకెవరికీ తెలియదు. ఆయనకు మోటారు సైకిలు లేదన్నది వేరే సంగతి. మిషను బడిలో నాలుగో తరగతి చెప్పే ఆయనకు, సీమకు వెళ్ళిపోతూ దొరగారు వదిలేసిన ఇంగ్లీషు మోటారు పత్రికలు ఒక పెట్టె నిండా దొరికాయి. వాటిని చదివీ చదివీ ఏ బండికి ఎన్ని గేర్లు, ఏ ఇంజను ఎంత ఎత్తు ఎక్కగలదు, అన్నీ కంఠతా పట్టాడు. ఇక నడపడం ఒక్కటే మిగిలింది. నడపడం వచ్చా అని ఆయన్ను ఎవరూ అడగలేదు. అడగని దానికి జవాబు చెప్పడం అయ్యవారికి అలవాటు లేదు.

సాయంత్రాలు అమీర్ బాషా సైకిలు షాపు ముందు బల్ల మీద సభ జరిగేది. అమీర్ బాషాకు ఒక బి.ఎస్.ఏ. ఉంది. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేస్తే కొన్నాడు. అది నెలలో సగం రోజులు నడిచేది, తక్కిన సగం గోనెపట్టా మీద ముక్కలు ముక్కలుగా పరిచి ఉండేది. ఏ మాటకా మాట చెప్పుకోవాలంటే, ముక్కలుగా ఉన్నప్పుడే అతనికి దాని మీద ప్రేమ ఎక్కువ. సభలో మూడోవాడు ఆనందబాబు. పెద్ద మాగాణి రైతు కొడుకు. మద్రాసులో బుల్లెట్టుకు పేరు రాయించి, పెళ్ళికూతురి కోసం కూడా ఎవరూ ఎదురుచూడనంతగా ఎదురుచూస్తున్నాడు.

అది యాభై ఏడో సంవత్సరం, మే నెల. ఎండలు మండిపోతున్నాయి. ఆనందబాబు ఆ రోజు పేపరు చదివి దిగులుగా మడిచాడు.

“సింగపూరు నించి ఓడలో ఏందో జొరం వచ్చిందంట మద్రాసుకి. జనం కుప్పలు కుప్పలుగా పడిపోతావుండారంట.”

“అయ్యో పాపం,” అన్నాడు అమీర్ బాషా.

“పాపమే గదా! ఈ గోలలో నా బండి ఎప్పుడిస్తారో ఏమో.”

సమాధానం కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుంటే పాఠం మొదలైనట్టే.

“ఊరికే భయపడతావుండారు గానీ, మోటారు సైకిలు ఎక్కినోడికి జొరాలు రావు. క్రిమి అనేది తడిలో బతుకుద్ది. పెట్రోలు వాసన తగిలితే చస్తది. అసలు ఏ మెకానిక్కన్నా జలుబు చేసి పడుకోవడం చూసినారా మీరు?”

ఏడాదిలో ఆరు నెలలు జలుబుతోనే ఉండే అమీర్ బాషా చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుని, నిజమేనని తల ఊపాడు.

“ఇంకోటి,” అన్నాడు సమాధానం. “బండి మీద యాభై మైళ్ళ వేగంతో పోయేవాణ్ణి క్రిమి ఎట్టా అందుకుంటుంది? దానికేమన్నా చక్రాలుండాయా?”

సభ ఈ వాదాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఎదురుగా టీ కొట్టు ముత్యాలయ్య గ్లాసులు పట్టుకొచ్చాడు. ముసలివాడు, నిదానస్తుడు. మోటారు సైకిళ్ళంటే అతనికి చప్పుడు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు.

“అయ్యోరా, ఆ జొరం మన కాడికి వస్తదంటావా?”

“రాదు ముత్యాలయ్యా. మనకు ఒక పక్క పెన్న, ఒక పక్క సముద్రం. ఉప్పుగాలికి ఏ క్రిమీ నిలవదు. నువ్వు నిబ్బరంగా ఉండు.”

ముత్యాలయ్య నిబ్బరంగా వెళ్ళిపోయాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య ఎలిశబెతుకు కూడా సమాధానం ఇదే పాఠం చెప్పాడు. ఆమె చారు వడ్డిస్తూ విన్నది.

“ఆ జొరం వచ్చింది సముద్రం మీదే గదండీ?”

“నీకు తెలీదు, ఉండు,” అన్నాడు ఆయన. ఇంట్లో వాదాలు గెలవడానికి ఆయన దగ్గర ఉన్న పత్రికలన్నీ కలిపినా ఆ మాటంత పనికొచ్చేవి కావు.

మరో వారానికి మద్రాసు నుంచి ఆనందబాబుకు కబురొచ్చింది, బండి సిద్ధంగా ఉంది, తీసుకుపొమ్మని. నలుగురూ ఆగమన్నారు. ఎలిశబెతు అయితే, “ఆ బండేమీ ఎగిరిపోదు, జొరం తగ్గినాక పోకూడదా?” అంది. కానీ కొత్త బండిని పరీక్షించి చూడాలంటే తెలిసినవాడు పక్కనుండాలి గదా. వేసవి సెలవులు కూడా కలిసొచ్చాయి. సమాధానం ఆనందబాబుతో పాటు రైలెక్కాడు. ఇద్దరి జేబుల్లోనూ పెట్రోలులో తడిపిన చేతిరుమాళ్ళు. పెట్టెలో ఎదురుగా కూర్చున్నాయన చుట్ట తీసి అగ్గిపుల్ల గీయబోతే ఇద్దరూ ఒక్కసారిగా కేకలు పెట్టారు. అంతే తప్ప ప్రయాణం సుఖంగానే సాగింది.

మద్రాసులో బండి అప్పగించిన గుమాస్తా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాటకొకసారి తుమ్ముతూ, ఆ చేత్తోనే హాండిలు తుడిచి ఇచ్చాడు. సమాధానం బండి చుట్టూ తిరిగి చూసి, టాంకు మీద వేలితో తట్టి, కిందికి వంగి ఏదో విని, “బాగానే ఉంది” అని తీర్పు చెప్పాడు.

“నువ్వు తోల్తావా అయ్యోరా?” అన్నాడు ఆనందబాబు మర్యాదకు.

“కొత్త ఇంజను ఆనందబాబూ. అరిగి దారికొచ్చే దాకా ఒక చేతి మీదే ఉండాల. చెయ్యి మారితే పాడైపోద్ది.”

ఆనందబాబు ఆ త్యాగానికి కరిగిపోయాడు. అయ్యవారు వెనక సీటు మీద, రెండు చేతులతో ఆనందబాబు నడుం గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని నాయుడుపేట దాకా ప్రార్థన చేసుకున్నాడు. గూడూరు దగ్గర ఆనందబాబు తుమ్మడం మొదలుపెట్టాడు. దుమ్మని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఇందుకూరుపేటలో ఆ సాయంత్రం జరిగినంత సందడి ఎమ్మెల్యే వచ్చినా జరగలేదు. బండికి కొబ్బరికాయ కొట్టారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. అమీర్ బాషా దర్గాలో ఫాతిహా ఇప్పించాడు. మూడు మతాల దేవుళ్ళకూ అప్పజెప్పాక ఇక డాక్టర్ల అవసరం ఏముంటుందని ఊరు అనుకుంది. హాండిలు ముట్టుకోనివాడు లేడు. ఆనందబాబు ఒక్కొక్కరినే ఎక్కించుకుని మైపాడు రోడ్డు మీద తిప్పి తెచ్చాడు. ముందు కూర్చున్నాయన తుమ్ముతున్నాడు, వెనక కూర్చున్నవాళ్ళు ఎదురుగాలిని ఆనందంగా పీలుస్తున్నారు. సమాధానం పక్కన నిలబడి అందరికీ పెట్రోలు గుడ్డ వాసన చూపించాడు.

తర్వాత జ్వరం తన పని తాను చేసుకుంది. దానికి కొత్త ఇంజను బాధ లేదు, మొదటి రోజు నుంచే పూర్తి వేగంతో నడిచింది. ముందు ఆనందబాబు పడ్డాడు. తర్వాత బండి ఎక్కినవాళ్ళు, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళు, వాళ్ళకు కషాయాలు కాచినవాళ్ళు పడ్డారు. ఎలిశబెతు పడి లేచింది. సమాధానానికి తేలిగ్గా వచ్చి పోయింది. అది కూడా దుమ్మేనన్నాడు కానీ, ఈసారి వినడానికి బల్ల మీద ఎవరూ లేరు.

టీ కొట్టు ముత్యాలయ్య పడుకుని ఇక లేవలేదు.

సమాధానం పాడె వెంట నడిచాడు. శవం మోయడానికి మనుషులు చాలకపోతే ఒక కొమ్ము తానూ పట్టాడు. దారిపొడుగునా ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు. అనుంటే బాగుండేదేమో. ముత్యాలయ్య భార్య చెంచులక్ష్మి, “జొరం మన కాడికి రాదని అయ్యోరు చెప్పినారంటా ఉన్నాడయ్యా, పడుకునే దాకా అదే మాట,” అని ఎవరితోనో చెప్పి ఏడ్చింది. ఆమె నిందించలేదు. నమ్మకంగానే చెప్పింది. ఇంటికొచ్చాక సమాధానం అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. జేబులో రుమాలు పొయ్యిలో పడేశాడు. పెట్రోలు కదా, భగ్గుమంది.

ఆ మర్నాడు పొద్దున అమీర్ బాషా భార్య ముంతాజ్ బేగం పరుగెత్తుకుంటూ వచ్చింది.

“అన్నా, మా అత్తకు ఊపిరి అందడంలా. రొమ్ము గురగురమంటా ఉంది. ఆయనేమో జొరంలో లేవలేకుండా ఉండాడు.”

ఆమె అత్త సుల్తాన్‌బీ ముసలిది. జ్వరం వచ్చి తగ్గినట్టే తగ్గి, గుండెల్లోకి దిగింది. డాక్టరు నెల్లూరులో ఉన్నాడు. బస్సు డ్రైవరుకు జ్వరం. జట్కా తోలే హజరత్తయ్యకు జ్వరం. ఊళ్ళో జ్వరం లేనిది హజరత్తయ్య గుర్రానికి ఒక్కదానికే. అమీర్ బాషా బి.ఎస్.ఏ. యథాప్రకారం గోనెపట్టా మీద పడుకుని ఉంది.

“ఆనందబాబు బుల్లెట్టు తీసుకుపొమ్మన్నాడన్నా. నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?”

సమాధానం భార్య వైపు చూశాడు. గోడకానుకుని కూర్చున్న ఎలిశబెతు నీరసంగా నవ్వింది.

“నాకు తెలుసులెండి,” అంది ముంతాజ్‌కు వినపడకుండా. “పెళ్ళయినప్పటి నించీ తెలుసు. సైకిలే సరిగా తొక్కరు మీరు. అయినా పోండి. మా కృపాదానం డాక్టరు మామకు నా పేరు చెప్పండి, వస్తాడు.”

సమాధానం బుల్లెట్టును ఊరి చివర కాలవ గట్టు దాకా తోసుకుంటూ వెళ్ళాడు. చూసినవాళ్ళు, ఇంజను మీద ఎంత గౌరవమో అనుకున్నారు. అక్కడ ఎవరూ లేరని చూసుకుని కిక్కు కొట్టాడు. కిక్కు తిరిగి ఆయన్ను కొట్టింది. పిక్క మీద ఆ దెబ్బ సంగతి ఏ పత్రికలోనూ ఇంత వివరంగా రాయలేదు. మళ్ళీ కొట్టాడు. ఇంజను అందుకుంది. క్లచ్చు వదిలేసరికి బండి ఎగిరి గట్టు దిగి, తుమ్మ చెట్ల మధ్య దూరి ఆగిపోయింది. చొక్కా చిరిగింది. కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుని, బండిని రోడ్డెక్కించి, “ప్రభువా, ఆ ముసలమ్మ కోసం” అని మళ్ళీ మొదలుపెట్టాడు.

ఈసారి కదిలింది. రెండో గేరు పడింది. మూడో గేరు జోలికి ఆయన పోలేదు. ఇంజను నెల్లూరు దాకా ఏడుస్తూనే ఉంది. దారిలో గేదెలు తప్పుకున్నాయి. తప్పుకోని చోట ఆయన తప్పుకున్నాడు.

నెల్లూరు మొగదల రైలు గేటు వేసి ఉంది. ఆగితే మళ్ళీ కదలలేనని ఆయనకు భయం. అందుకని గేటు ముందు ఖాళీలో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు. గూడ్సు బండి తీరిగ్గా పోతోంది. గేటు దగ్గర ఆగిన బండ్లవాళ్ళు బీడీలు ముట్టించి చూస్తున్నారు. “కొత్త బండి కొన్న పొగరు చూడరా,” అన్నాడొకడు. చిరిగిన చొక్కా, కన్నీళ్ళ మొహంతో సమాధానం వాళ్ళ ముందు నుంచి మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. గేటు లేచింది. ఆయన అందరికంటే ముందు దాటాడు.

కృపాదానం డాక్టరు యుద్ధంలో బర్మా దాకా వెళ్ళొచ్చిన పెద్దమనిషి. వాకిట్లో రోగులు బారులు తీరి ఉన్నారు. వాళ్ళు చూస్తుండగా ఒక బుల్లెట్టు వచ్చి, ఎదురింటి వాళ్ళు గోడ కోసం పోసుకున్న ఇసక కుప్పలో దిగబడి ఆగింది. డాక్టరు బయటికొచ్చాడు.

“ఎవర్రా అది? ఎలిశబెతు మొగుడివా?”

సమాధానం ఇసక లోంచి లేచి సంగతి చెప్పాడు. చెప్పేటప్పుడు ఏడ్చాడు. ముసలమ్మ కోసమో, ముత్యాలయ్య కోసమో ఆయనకే తెలియలేదు. డాక్టరు ఎక్కువ అడగలేదు. రోగులను కాంపౌండరుకు అప్పజెప్పి, సంచీలో పెన్సిలిన్ పెట్టుకుని, బండిని ఒక్క ఊపున ఇసక లోంచి లాగాడు.

“మీరు కూర్చోండి మామా, నేను...” అన్నాడు సమాధానం.

“నేను సుల్తాన్‌బీని చూడాలబ్బయ్యా, దేవుణ్ణి కాదు. వెనక కూర్చో.”

బర్మాలో బండి ఎలా తోలాడో కానీ, నెల్లూరు రోడ్డు మీద ఆ ముసలాయన మిలిటరీ బండి తోలినట్టే తోలాడు. దారిలో సమాధానం ఉండబట్టలేక, “మూడో గేరులో ఇంజను...” అని చెవి దగ్గర ఏదో చెప్పబోయాడు. “నోరు మూసుకో, పురుగులు పోతాయి,” అన్నాడు డాక్టరు.

పెన్సిలిన్ పడింది. డాక్టరు ఆ రోజంతా అక్కడే ఉండి, ఊళ్ళో మిగతా రోగులనూ చూశాడు. అందరికీ ఒకటే చెప్పాడు: ఒకరి మంచం దగ్గరికి ఒకరు పోవద్దు, నీళ్ళు కాచి తాగండి, పెట్రోలు బండిలో పోసుకోండి. రెండో రోజుకు సుల్తాన్‌బీ కళ్ళు తెరిచి, గంజిలో ఉప్పు చాలలేదని కోడల్ని తిట్టింది. ముంతాజ్ బేగం ఆ తిట్టు విని వాకిట్లోకొచ్చి ఏడ్చింది.

వానలు పడే నాటికి జ్వరం ఊరు వదిలింది. సమాధానం చాలా రోజులు షాపు వైపు పోలేదు. తెల్లవారుజామున మాత్రం అమీర్ బాషాతో కలిసి మైపాడు సముద్రపొడ్డు ఇసకలో బి.ఎస్.ఏ. నేర్చుకునేవాడు. బండి సగం రోజులు విప్పి ఉండేది కాబట్టి చదువు నిదానంగా సాగింది. పడ్డప్పుడల్లా ఎలిశబెతు పసుపు రాసేది. చెంచులక్ష్మి టీ కొట్టు మళ్ళీ తెరిస్తే, పొద్దున్నే ఆమెకు నీళ్ళ బిందెలు మోసిపెట్టి బడికి పోయేవాడు.

కార్తీకంలో ఒకనాడు ఆనందబాబు పట్టుబట్టి ఆయన్ను బల్ల దగ్గరికి లాక్కొచ్చాడు. పేపరులో మళ్ళీ ఏదో రాశారు.

“ఆ జొరం ఇంకోసారి తిరిగొస్తదని అంటావుండారు. ఏమంటావు అయ్యోరా, వస్తదా?”

సమాధానం టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“నాకు తెలీదు,” అన్నాడు.

బల్ల మీద ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. అమీర్ బాషా గాబరాగా లేచి, గ్రీజు చెయ్యి పంచెకు తుడుచుకుని, అయ్యవారి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.