గురువారం ఇల్లు

నడక ఆపకుండానే మెడ కాస్త వంచి, కావడి బద్దను కుడి భుజం మీద నుంచి ఎడమ భుజం మీదికి జరిపాడు ఓబులేసు. అటు పదకొండు, ఇటు పదకొండు క్యారియర్లు. ఒక్కటీ గలగలమనలేదు. యాభై నాలుగేళ్ల మనిషి. ఎండకు మాడి బక్కగా ఉంటాడు గాని పిక్కలు మాత్రం రాళ్ల మాదిరి ఉంటాయి. మూడేళ్లుగా రోజూ పదకొండున్నరకు ఇదే బరువుతో ఇదే వీధిలో పోతున్నాడు. నంద్యాలలో ఆ వీధి ఆడవాళ్లు గడియారం చూడరు. ఓబులేసును చూసి ఎసరు పెడతారు.

మిగతా రోజుల్లో అతనికి ఏ చింతా లేదు. గురువారం వస్తే మాత్రం పొద్దున లేచినప్పటి నుంచీ గుండె పీచుపీచుమంటూ ఉంటుంది. అతను చేస్తున్నది దొంగతనమేమీ కాదు. కానీ బయటపడితే శిక్ష పడుతుంది, అదీ అతనికి కాదు, ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి వచ్చి చదువుకుంటున్న పన్నెండేళ్ల జయమ్మకు.

ఆ బడిని ఊరంతా తెలివైన పిల్లల బడి అంటారు. ప్లీడర్లు, మోతుబరి రైతులు కలిసి 1954లో పెట్టారు. ఆళ్లగడ్డ, ఆత్మకూరు, పగిడ్యాల వైపు పల్లెల్లో పరీక్ష పెట్టి చురుకైన పిల్లలను ఏరి తెచ్చారు. పడక బడిలోనే. రాత్రికి కమిటీ ఇచ్చిన జొన్నలతో సంగటి. పగటి అన్నం మాత్రం ఊరి మీద. ఒక్కో పిల్లకు వారంలో ఒక్కో రోజుకు ఒక్కో ఇల్లు. ఆ ఇంటివాళ్లు క్యారియరు కట్టిస్తారు, ఓబులేసు మోసుకొస్తాడు. దీనికి కమిటీ రెండు నిబంధనలు పెట్టింది. ఏడిళ్లూ లేని పిల్ల బడిలో ఉండకూడదు, కాలే కడుపుతో చదువు ఎక్కదని. బడిలో జీతం తీసుకునే వాళ్లెవరూ ఏ పిల్లకూ అన్నం పెట్టకూడదు. మొదటి ఏడాది ఒక మేష్టరు తన ఇంట్లో తినే పిల్లవాడికి మార్కులు కూడా వడ్డించాడు లెండి, అందుకని ఈ రెండోది.

ఇరవై రెండు మంది పిల్లలు, ఏడు రోజులు. ఏ రోజు ఏ ఇంటి క్యారియరు ఏ పిల్లకో అంతా ఓబులేసు తలలోనే ఉంది. అతనికి అక్షరం ముక్క రాదు. ఒక్క రోజూ తప్పలేదు. తెలివిని జల్లెడ పట్టి ఏరే బడిలో అతని తెలివిని పరీక్షించాలని ఎవరికీ తోచలేదు, అతనికీ తోచలేదు.

ఒక్క జయమ్మకు తోచింది. ఆళ్లగడ్డ బస్టాండులో ఆ పిల్ల చెయ్యి పట్టి ఓబులేసుకు అప్పగించి, వాళ్లమ్మ జీవమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ పోయింది. ఓబులేసుదీ ఆ దిక్కే, పిల్లను తీసుకురమ్మని బడి వాళ్లు అతన్నే పంపారు. బడిలో చేరిన మూడో రోజు పిల్ల వసారాలో కూర్చుని, అతను క్యారియర్లు దించడం రెప్ప వాల్చకుండా చూసింది. చివరికి, నువ్వు మూతలు చూసి కాదు, బరువును బట్టి గుర్తుపడతావు గదా తాతా అంది. అది నిజం. తన పనిలో ఒక విద్య ఉందని ఒక మనిషి కనిపెట్టడం అతని బతుకులో అదే మొదలు. భార్య నాగేశ్వరమ్మ పోయి తొమ్మిదేళ్లు, పిల్లలు లేరు. ఆ పూట నుంచి అతని ప్రాణం ఆ పిల్ల మీద పడింది.

జయమ్మ వాళ్లు కిరస్తానం వాళ్లు, కూలి చేసుకునే వాళ్లు. ఆమెకు ఇళ్లు దొరకడమే కష్టమైంది. గురువారం కమలాక్షమ్మ గారిది. ఉగాది దాటిన వారం ఆమె పెరటి తలుపు దగ్గర నిలబడి, లోపలికి వినపడకుండా చెప్పింది.

"ఇంక రావద్దు ఓబులేసూ. మా మామ ఒప్పుకోలే. క్యారియరు నీ దగ్గరే పెట్టుకోప్పా, మళ్లా లోపలికి రానియ్యడు."

ఆమె ముఖం చూస్తే అతనికి ఏమనాలో తోచలేదు. ఇత్తడి క్యారియరు చంకలో పెట్టుకుని వచ్చేశాడు. వేరే ఇంటి కోసం ఒకటి రెండు చోట్ల కదిలించి చూశాడు. మంచి పిల్లే పాపం అన్నారు గాని, అన్నం పెడతామని ఎవరూ అనలేదు. బడిలో చెబితే ఆ సాయంత్రమే పిల్ల ఆళ్లగడ్డ బస్సు ఎక్కాలి. అందుకని తర్వాతి గురువారం తెల్లవారకముందే లేచి, జిన్నింగు మిల్లు వెనక ఉన్న తన గదిలో పొయ్యి రాజేసి, రెండు గిన్నెల నిండా అన్నం, పైన పప్పు పెట్టి, కలిగిన వాళ్ల ఇల్లని నమ్మేలా గరిటెడు నెయ్యి కూడా వేసి మూత బిగించాడు. ఇంట్లో ఉన్నది ఒక మనిషి తిండే, కాబట్టి గురువారం పగలు అతనికి నీళ్లే. కమలాక్షమ్మ గారి ఇంటి పేరు చెక్కిన క్యారియరు కనక ఎవరూ అడగలేదు. తప్పు చేసిన వాడి మాదిరి కమలాక్షమ్మ గారి వీధిలోకి పోవడం మాత్రం మానేశాడు.

ఆ మానేయడమే కొంప ముంచింది.

ఆ గురువారం ఓబులేసు కావడి దించి, బండలు పరిచిన వసారాలో క్యారియర్లు వరసగా పెడుతుండగా జ్ఞానప్రకాశం మేష్టరు వచ్చాడు. ఆ రోజు కమిటీ తనిఖీ. ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో ప్రెసిడెంటు శేషయ్య గారు సంతకం పెట్టి పోయే రోజు. ఆయన కాస్త ఆలస్యంగా వస్తారని, కమలాక్షమ్మ గారి మామ మొన్న రాత్రి పోతే పలకరించడానికి వెళ్లారని మేష్టరు చెప్పి, సుద్దముక్కల కోసం లోపలికి పోయాడు.

ఓబులేసు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. చావు జరిగిన ఇంట్లో పదకొండు రోజులు మైల. ఆ ఇంటి నుంచి మెతుకు బయటికి రాదు, వచ్చినా ఎవరూ ముట్టరు. ఆ ఇంటి పేరు చెక్కిన క్యారియరు వరసలో చివర, జయమ్మ చోట, ఎండకు తళతళలాడుతోంది. దాచేద్దామని రెండడుగులు వేశాడు. దాచితే జయమ్మ ముందు ఖాళీ, తనిఖీ రోజే. దాచకపోతే పేరు. గేటు దగ్గర చెప్పుల చప్పుడు వినపడింది.

శేషయ్య గారు పలకరింపు తర్వాత ఇంటికి పోయి తల స్నానం చేసి వచ్చారు. జుట్టు ఇంకా తడిగానే ఉంది. ప్లీడరు పనిలో ముప్పై ఏళ్లు నలిగిన మనిషి, అబద్ధం ఎక్కడున్నా ముక్కుకు తగులుతుంది. వరస వెంట నడుస్తూ వచ్చి, చివర ఆగారు. వంగి, చెక్కిన అక్షరాలను వేలితో తడిమారు. ఓబులేసు వైపు చూశారు. ఈ రోజు పరిశీలన పాఠం చూపండి సార్ అని మేష్టరుతో అని, ఆ క్యారియరు తానే ఎత్తుకుని తరగతిలోకి నడిచారు.

పరిశీలన పాఠం ఆ బడికి గర్వకారణం. బల్ల మీద ఒక వస్తువు పెడతారు. ఒక్కో పిల్ల లేచి, అంతకుముందు ఎవరూ చెప్పనిది చెప్పాలి. కనపడింది చెబితే చాలదు, దాన్ని బట్టి తెలిసింది చెప్పాలి. పాత తాళం పెడితే ఆ ఇంట్లో చిన్న పిల్లలున్నారని కనిపెట్టిన ఘటికులు వాళ్లు. ఈసారి క్యారియరు. ఓబులేసు తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

కళాయి కొత్తదని ఒకడు చెప్పాడు. పేరు చెక్కించారు కాబట్టి పెళ్లిళ్లకూ పేరంటాలకూ గిన్నెలు బయటికి పోయే ఇల్లని ఇంకొకడు. గోంగూర పప్పులో కారం తగ్గించారు, చిన్నపిల్లకని తెలిసి వండారని ఒక పిల్ల చెప్పింది. చివరికి శేషయ్య గారు వెనక బెంచీ వైపు తిరిగారు.

"నీ క్యారియరే గదా పాపా. ఎవరింటి అన్నం ఇది?"

జయమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. గిన్నె అంచుకు ముక్కు తెచ్చింది. తలుపు వైపు మాత్రం చూడలేదు. అలా చూడకపోవడంతోనే పిల్లకు తెలుసని ఓబులేసుకు అర్థమైంది.

"తెలీదు సార్."

మేష్టరు ముఖం వాడిపోయింది. తరగతిలో అందరికంటే చురుకైన పిల్ల. మళ్లీ చూడమన్నాడు. చూడకుండానే తెలీదంది. శేషయ్య గారు పెన్సిలు తీశారు.

"తెలియక అంటాండావా, తెలిసీ అంటాండావా? తెలియకుంటే ఈ బడి నీకు కాదు. తెలిసి దాస్తే ఇంకా పెద్ద తప్పు."

పిల్ల పెదవి బిగబట్టి నిలబడింది. ఆ నిలబడటం చూసి ఓబులేసు గోడ వదిలాడు.

"అయ్యా, ఆ పాపకు అంతా తెలుసు. నా కోసరం దాస్తాండాది. అన్నం నేను వండినా."

ఇంక దాచి లాభం లేదు. మొత్తం చెప్పేశాడు. కమలాక్షమ్మ గారిని మాత్రం ఒక్క మాట అనలేదు. ఆమె తప్పు లేదయ్యా అన్నాడు. ఎప్పటి నుంచి తెలుసని శేషయ్య గారు జయమ్మను అడిగారు. పిల్ల తలెత్తింది.

"శానా దినాల నుంచి, సార్. అన్నంలో పత్తికట్టె పొగ వాసన వస్తాది. కలిగినోళ్లు తుమ్మకట్టెలు కాలుస్తారు. తాత తుండుగుడ్డలో గూడా అదే వాసన. తక్కిన దినాలు తాత ఈడ కూర్చోని సంగటి తింటాడు, గురువారం తినడు. అందుకే కింది గిన్నె ముట్టకుండా ఇచ్చేస్తాండా."

పిట్ట కడుపు, రెండో గిన్నె పట్టదేమో అనుకుంటూ వచ్చాడు ఓబులేసు ఇన్నాళ్లూ. నూట యాభై నాలుగు లెక్కలు తలలో మోసేవాడికి ఈ ఒక్కటీ తెలియలేదు. పిల్లకు తాను పెడుతున్నానని మురిసిపోయాడు గాని, పిల్ల తనకు పెడుతోందని ఎరగడు.

"తిరిగొచ్చిన గిన్నె ఏం చేసినావు?" అన్నారు శేషయ్య గారు.

"తిన్నానయ్యా."

"ఆ పాప చేతిలోంచి వచ్చిందాన్నా?"

"అన్నమే గదయ్యా."

ముందు వరసలో ఎవరో చేత్తో నోరు మూసుకున్నారు. ఆ రోజుల్లో నలుగురి ముందు అది చిన్న మాట కాదు. అతని కులం వాళ్ల చెవిన పడితే పెళ్లి బంతిలో పక్కన కూర్చోనివ్వరు. శేషయ్య గారు చెప్పారు, కోపంగా కాదు, ఇరకాటంలో పడ్డ మనిషి గొంతుతో. పిల్లకు ఆరిళ్లే ఉన్నాయి. ఒకరికి సడలిస్తే రేపు ఇరవై రెండు మందికీ సడలించాలి. ఏడో ఇల్లు ఇప్పుడే చూపించాలి, లేకపోతే సాయంత్రం బస్సు. తన ఇల్లు రాసుకొమ్మని జ్ఞానప్రకాశం మేష్టరు ముందుకొచ్చాడు. జీతం తీసుకునేవాళ్లు పెట్టకూడదని కమిటీకి రెండో నిబంధన రాసిచ్చింది మీరే గదా సార్ అన్నారు శేషయ్య గారు. మేష్టరు తల దించుకున్నాడు. తమ ఇల్లు రాసుకొమ్మని శేషయ్య గారూ అనలేదు. ఆయన ఇంట్లోనూ పెద్దవాళ్లున్నారు.

ఓబులేసు ఊళ్లోని ఇళ్లన్నీ తలలో ఒకసారి తిరిగి వచ్చాడు. ఏ గడప దగ్గరా ఆగలేకపోయాడు.

"అయ్యా, ఆ రెండో మాట జీతగాళ్లకే గదా?"

"అవును."

"అయితే ఈ పూటతో జీతం మానుకుంటాండా. నా ఇల్లు రాసుకోండి."

ఈ వయసులో ఏం చేసి బతుకుతావని మేష్టరు అడిగాడు. మిల్లులో పత్తి బోరాలు మోస్తా, మోసేది నాకు కొత్త గాదు సార్ అన్నాడు. శేషయ్య గారు ఇంకొకసారి ఆలోచించుకోమన్నారు. ఓబులేసు ఆలోచించుకోనన్నాడు. ఆయన పెన్సిలు పక్కన పెట్టి కలం తీసి, జయమ్మ పేరు కింద రాసి, అలవాటు ప్రకారం పైకి చదివారు.

"గురువారం, ఓబులేసు గారి ఇల్లు."

ఎవరిని అంటున్నారోనని ఓబులేసు వెనక్కి తిరిగి చూశాడు.

మధ్యాహ్నం జయమ్మ చేత రెండు గిన్నెలూ దగ్గర కూర్చుని తినిపించాడు. తర్వాత మేష్టరు మిల్లు నుంచి రంగయ్యను పిలిపించాడు, రేపటి నుంచి కావడి మొయ్యడానికి. ఏ రోజు ఏ పిల్లకు ఏ ఇల్లో ఓబులేసు చెప్పడం మొదలుపెట్టాడు. అయిదో పిల్ల దగ్గరికే రంగయ్యకు తల తిరిగింది. మేష్టరు కాగితాలు తెచ్చుకుని, అతను చెబుతుంటే రాస్తూ పోయాడు. పొద్దు వాలింది. నాలుగు ఠావులు నిండాయి. రాయడం అయ్యాక మేష్టరు కాగితాల వైపు, ఓబులేసు వైపు మార్చి మార్చి చూశాడు.

గేటు దగ్గర జయమ్మ కాచుకుని ఉంది. ఇన్ని ఇళ్ల అన్నం తిన్నది గాని, ఒక్క ఇంట్లో కూర్చుని తినలేదు ఆ పిల్ల.

"వచ్చే గురువారం క్యారియరు వద్దు తాతా. నేనే మీ ఇంటికొస్తా. ఆడే కూర్చోని తింటా."

"రా పాపా. ఇద్దరికీ వండుతా."

అతను వెనక్కి చూడకుండా మిల్లు వైపు నడిచాడు. ఉత్త భుజాలతో నడవడం అలవాటు లేక కాస్త ముందుకు వంగే నడిచాడు. బడి ఆఫీసు గది తలుపు వెనక మేకుకు, ఉద్యోగానికని బడి వాళ్లు ఇస్తే అతను విడిచిపెట్టి పోయిన ఖాకీ చొక్కా వేలాడుతోంది. రెండు భుజాల దగ్గరా గుడ్డ జల్లెడ మాదిరి అరిగిపోయి, వెనక గోడ సున్నం తెల్లగా కనపడుతోంది.