బావి దగ్గర కూడలి

దోబ్రినా మూడోసారి డ్రైవింగ్ లైసెన్సు పరీక్షకి వెళ్లాలి. మొదటి రెండుసార్లూ ఆమె గుమ్మం దాటగానే పొరుగింటి పెన అవ్వ వెనకాలే రాగి చెంబుతో నీళ్లు కుమ్మరించి, "నీళ్లు పారినట్టు పని జరిగిపోవాలే పిల్లా!" అని దీవించింది. నీళ్లయితే పారాయి. పనే జరగలేదు.

బండి నడపడమంటే ఆమెకు భయమేం లేదు. ఊరి సహకార సంఘం ట్రాక్టరు పదేళ్లు నడిపింది. తంటా అంతా కంప్యూటరు ముందు కూర్చుని జవాబులు నొక్కే పరీక్షతోనే. పట్నానికి పోయే ఒక్క బస్సునీ అక్టోబరు నుంచి ఎత్తేస్తున్నారు. పట్నంలో పసిపిల్లల బడిలో ఆమె వంటమనిషి. బస్సు పోతే ఉద్యోగమూ పోయినట్టే. మొగుడు మిల్కో లైసెన్సు కిందటి కొత్త సంవత్సరం నాడు సారా పుణ్యమా అని పోలీసుల పాలైంది. కాబట్టి ఆ మహానుభావుడి మీద ఆశ పెట్టుకోవడం దండగ.

కూతురు రలీత్సా పుస్తకంలో ముఖ్యమైన వాక్యాలన్నిటికీ రంగులు పూసి పంపింది. రంగులు బాగున్నాయి, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. తర్వాత పాఠాలన్నీ చదివి ఫోనులో పంపింది. అవి వింటూ దోబ్రినా సూపులో రెండుసార్లు ఉప్పేసింది.

"నాది మొద్దు బుర్రేనే రలీ. మూడో తరగతిలోనే తేల్చి చెప్పేశారు," అంది.

ఆ రోజుల్లో బడిలో చేతులు వెనక్కి కట్టుకుని, శిలల్లా కూర్చోవాలి. దోబ్రినా చేతులు కదిలించేది. కదిలించొద్దని గట్టిగా కట్టుకుంటే పాఠం వినబడేది కాదు. టీచరు పెట్టిన మొద్దు అన్న పేరు నలభై మూడేళ్లుగా ఆమెను అంటుకునే ఉంది.

పరీక్ష గురువారం. ఆదివారం పెరట్లో మిరపకాయలు కాల్చి, చలికాలానికి ఎర్ర పచ్చడి ఉడకేస్తున్నారు. వంటింట్లోంచి కాయల పళ్లెంతో దోబ్రినా, ఎదురుగా కట్టెల బండి తోసుకుంటూ మిల్కో, పక్క సందులోంచి కాయల పెట్టె మోసుకుంటూ పెన అవ్వ. ముగ్గురూ బావి మూల దగ్గర ఒక్కసారే ఎదురుపడి ఆగిపోయారు.

"ముందు అవ్వ వెళ్లాలి. పెద్దావిడ," అన్నాడు మిల్కో, పెద్దమనిషి తరహాగా.

"ఆగండి!" దోబ్రినా కేక పెట్టింది. "ఎవరూ కదలొద్దు! నా కుడిపక్క అవ్వ ఉంది. అవ్వకి కుడిపక్క నువ్వున్నావు. నీ కుడిపక్క ఎవరున్నారయ్యా?"

"కోళ్ల గూటి గోడ."

"అయితే ముందు నువ్వే! కుడిపక్క ఖాళీగా ఉన్నవాడిదే ముందు దారి. తర్వాత అవ్వ, ఆఖర్న నేను! పరీక్షలో రెండుసార్లూ నా కొంప ముంచిన బొమ్మ ఇదేనయ్యా!"

పళ్లెంలో కాయలు నేలపాలయ్యాయి. ఎవరిక్కావాలి? దోబ్రినా ఒళ్లంతా జివ్వుమంది. తొమ్మిది వారాలుగా కాగితం మీద చచ్చినట్టు పడున్న కార్లు ఇప్పుడు కాళ్లొచ్చి నడుస్తున్నాయి!

ఇక చూడాలి సంబరం. సీసా మూతలు రోడ్డు గుర్తులయ్యాయి, సున్నంతో గీతలు పడ్డాయి. వీధి వీధంతా వచ్చి తలా ఒక బుట్టో బక్కెట్టో పట్టుకుని వాహనాలైపోయారు.

"నేను అంబులెన్సుని, తప్పుకోండర్రా!" పెన అవ్వ గరిటె ఊపుకుంటూ కూత పెట్టింది.

"నువ్వింత నెమ్మదిగా వస్తే రోగి ఎప్పుడో పోయుంటాడే అవ్వా," అన్నాడు మిల్కో.

"ముందు నిన్ను ఎక్కించుకుంటాలే, నిన్ను దింపాల్సింది పోలీస్ స్టేషన్లోనే కదా!"

పచ్చడి అడుగంటింది. ఆ ఏడు వీధిలో అందరి సీసాల్లోనూ మాడు వాసనే, అయినా ఎవరూ నోరెత్తలేదు.

గురువారం, పరీక్ష గదిలో తెర మీద మొదటి బొమ్మ పడింది. దోబ్రినా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్లి ముడిపడ్డాయి. బుర్ర ఖాళీ. మళ్లీ అదే మూడో తరగతి!

చెయ్యెత్తింది. "అమ్మాయీ, నేను లేచి నిలబడొచ్చా? ఎవరిదీ చూడను. కూర్చుంటే నాకు తోచదు."

పరీక్షకి కాపలా ఉన్న పిల్ల తడబడి, గోడ మీది నియమాలన్నీ చదివింది. "కూర్చునే రాయాలని ఎక్కడా లేదు. నిలబడండి."

దోబ్రినా లేచింది. భుజం తిప్పింది, అరడుగు వేసింది, "నువ్వాగవే అవ్వా," అని గొణిగింది. పక్క కుర్రవాళ్లు కిసుక్కుమన్నారు. నవ్వుకోనీ. అదిగో గూటి గోడ, అదిగో కట్టెల బండి. జవాబులు నొక్కుతూ పోయింది.

నెగ్గింది! ఇక బండి నడిపి చూపించడమే మిగిలింది. ట్రాక్టరు మనిషికి అదో లెక్కా?

ఇంటి గేటు దగ్గర పెన అవ్వ చెంబు పట్టుకుని కాచుకునుంది. "ఏమైందే?"

"నా బుర్ర మొద్దు కాదవ్వా," అంది దోబ్రినా. నవ్వుతూనే భోరుమంది. "చేతులు కట్టేశారంతే."

మర్నాడు బడిలో సూపు గిన్నె పట్టుకుని భోజనాల గదిలోకి వచ్చింది. రోజూ లాగే పిల్లలంతా చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుని ఉన్నారు. ఇన్నేళ్లూ ఆ వరసల మధ్యనే వడ్డించింది.

గిన్నె కింద పెట్టింది. "చేతులు విప్పండర్రా," అంది. "విప్పేదాకా సూపు లేదు."