సిరా ఆరేలోపు

నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. అయిదో తరగతితోనే చదువు ఆగిపోయింది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా ఇంట్లో పాత ఇంక్‌జెట్ ప్రింటరుంది. రంగు సిరాలు కొనే స్తోమత లేక నల్ల సిరా ఒక్కటే సిరంజితో నింపుతాను. దాంట్లోనే నీళ్లు కలిపితే బూడిద రంగు. వీధివాళ్లందరికీ ఇలాగే నలుపు తెలుపు ఫొటోలు ప్రింటు తీసిస్తాను. తడి ఆరేదాకా ఆ మనిషి ఇప్పుడెలా ఉన్నాడో అలాగే కనిపిస్తాడు, పలుకుతాడు. పోయినవాళ్లు మాత్రం కదలరు. బట్టలు కుట్టే పెద్దమ్మ పొరుగూళ్లో పనిచేసే మొగుడి ఫొటో వారానికోసారి తీయించుకుంటుంది. "చూడవే, మళ్లీ నోట్లో సిగరెట్టు!" అని కాగితాన్నే తిట్టిపోస్తుంది.

మా తమ్ముడు నీళ్ల ట్యాంకులు కడుగుతాడు. ఎక్కడికో చెప్పకుండా పనికెళ్లినవాడు ఆరు రోజులైనా రాలేదు. వాడి ఫొటో ప్రింటు తీయడానికి నాకు చెయ్యాడలేదు.

"వద్దే. కదలకుండా వస్తే నేనేమైపోవాలి?" అంటూ అమ్మ ప్రింటరు వైరు పీకి దిండు కింద దాచేసింది.

ఏడో రోజు సాయంత్రం తనే తెచ్చి నా చేతిలో పెట్టింది.

సిరా అడుగంటింది. నీళ్లు ఎక్కువే పోశాను, మొహం పాలిపోయినా కాస్త ఆలస్యంగా ఆరుతుందని. కాగితం గీతగీతగా దిగింది. జుట్టు. నుదురు. మూసిన కళ్లు. అమ్మ గోడకి జారగిలబడిపోయింది. ముక్కు, పెదాలు. ఏదీ కదల్లేదు.

"ఒరేయ్," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"గట్టిగా పిలువు! ఈ పూటైనా నోరు తెరవ్వే!"

"ఒరేయ్ తమ్ముడూ!"

రెప్ప అదిరింది. "అక్కా... నిచ్చెన విరిగింది. పాత ట్యాంకులో పడిపోయా. అడుగున నీళ్లే తాగుతున్నా. మగ్గాల రొదలో నా కేక ఎవరికీ..."

"ఎక్కడరా?"

"గుర్తు రావట్లేదక్కా... పొద్దున్నే సైరను... మూడుసార్లు..."

పెదాల మీద సిరా ఆరిపోయింది.

మూడుసార్లు కూసేది నేత మిల్లు ఒక్కటే. ఇద్దరం పరిగెత్తాం. కావలివాడు గేటు తీయలేదు. "లోపలెవరూ లేరు, పొండమ్మా," అన్నాడు. గేటు ముందే కూర్చుండిపోయాం.

తెల్లారి సైరను కూయగానే పనికెళ్లే ఆడవాళ్ల మధ్య తల వంచుకుని లోపలికి దూరాను. మిల్లు వెనక పదకొండు ట్యాంకులు. రాయి తీసుకుని ఒక్కోదాన్నీ బాదుతూ, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అరవనంతగా అరిచాను. జనం పని ఆపి చూశారు. చూస్తే చూడనీ.

ఎనిమిదో ట్యాంకు లోపల్నుంచి తిరిగి మోగింది.