తుంగ వాసన కోడలు

భీమే పొద్దున కళ్ళు తెరవగానే మొదట చూసేది ఇంటి చూరు. అక్కడ బల్లి ఉంటే మంచం దిగదు. బల్లి పోయాక తలుపు ఓరగా తీసి, పొగరుబోతు కోడిపుంజు ఎటుందో చూసుకుని వాకిట్లోకి వస్తుంది. ఉరిమితే ధాన్యం గుమ్మి వెనక్కి పోయి కూర్చుంటుంది. ఊళ్లోకి తెలియని మోటారు సైకిలు వస్తే చేతిలో పని చేతిలోనే ఉండిపోతుంది. చింతలనార్ అవతలి పల్లెల్లో భయం వింత వస్తువేమీ కాదు, ప్రతి ఇంట్లోనూ ఉంది. కాకపోతే మిగతావాళ్ళు దాన్ని కడుపులో పెట్టుకుని పనికి పోతారు. భీమేకి ఆ నేర్పు అబ్బలేదు.

ఆమె మొగుడు మంగల్ జగదల్‌పూర్‌లో బట్టల కొట్టులో పనిచేస్తాడు. వానలకు ముందు ఇంటికొచ్చినప్పుడు పెళ్ళాం కోసం చిన్న సెంటు సీసా తెచ్చాడు. మల్లె, గులాబీ ఎన్ని చూసినా నచ్చలేదట. ఇది మూత తీయగానే మడి గట్టున తుంగను మట్టితో సహా పెరికినట్టు గుప్పుమందట. ముందు పచ్చిగడ్డి, తర్వాత తడి వేరు, ఆ అడుగున నల్ల మన్ను.

"ఇది పూసుకునే ఆడమనిషి నిబ్బరంగా ఉంటదంట. ఎవ్వలికీ బెదరదంట. సేఠ్ చెప్పిండు," అన్నాడు మంగల్.

"పూసుకుంటే నాకు గూడ ధైర్యం వస్తదా?"

"ఏమో. పూసుకుని చూడు."

ధైర్యం రాలేదు. గడ్డి వచ్చింది. భీమే కాసేపు ఎక్కడ నిలబడితే అక్కడ, పాదాల చుట్టూ జానెడు మేర లేత గడ్డి మొలిచేది. అత్త గంగేకి దాంతో పని పెరిగింది.

"అలికిన వాకిలంత బీడు చేస్తివి గదనే! నిలబడితే పోయి కొట్టంల నిలబడు, మేకలన్న మేస్తయి," అని రోజూ సణిగేది.

మేకలు భీమే వెనకే తిరగడం మొదలుపెట్టాయి. వాటికీ ఆమె భయపడింది.

ఊరికి మాత్రం ఆ వాసన తెగ నచ్చింది. తుంగ వాసన మనిషి వేరు తన్నుకున్న మనిషని పటేల్ ముయా తేల్చేశాడు. ఆ వాసన ఉన్నవాళ్ళు చెప్పిన మాట కడుపులో దాచుకుంటారని ఆరోగ్య కార్యకర్త అయిన మితానిన్ దుర్గ అంది. ఊరి ఆడవాళ్ళ కాన్పులూ, పిల్లల జ్వరాలూ చూసేది ఆమే కనుక ఆమె మాటకు విలువుంది. ఇక తగవులొచ్చిన వాళ్ళు భీమే పక్కన వచ్చి కూర్చునేవారు. ఇద్దరూ అరుస్తుంటే పాపం ఆమెకు నోరు పెగిలేది కాదు. ఆ మౌనం చూసి ఎంత నిండు మనిషో అనుకుంటూ, వాళ్ళకు వాళ్ళే సర్దుకుని పోయేవారు. అత్త మాత్రం కోడలు పక్కగా వెళ్తే ఒకసారి వాసన పీల్చి, మళ్ళీ చాట అందుకునేది.

నడి వానాకాలంలో ఆడబిడ్డ చిన్నమ్మికి నొప్పులొచ్చాయి. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల. తెల్లవారుజామున మొదలైన నొప్పులు పొద్దెక్కినా తెమల్లేదు. దుర్గ కడుపు మీద చెయ్యి వేసి చూసి, బిడ్డ అడ్డం తిరిగిందని చెప్పి, ఫోను సిగ్నల్ కోసం గుట్టెక్కింది. తారు రోడ్డు దాకా ఆస్పత్రి బండి వస్తుందన్నారు. రోడ్డుకు పోయే దారిలో వాగు నిండుగా పారుతోంది. ఇక మిగిలింది సాల అడవిలోని పాత బాట ఒక్కటే.

ఆ బాటలో జనం కాలు పెట్టి ఏళ్ళయింది. మట్టి కింద ఏం పాతారో, ఎక్కడ పాతారో, ఎవరు పాతారో ఊళ్లో ఎవరికీ తెలియదు. తప్పిపోయిన ఎడ్ల కోసం ఊళ్లో దేనికీ బెదరని నంద ఒకసారి అటు పోయాడు. అతను తిరిగి రాలేదు. పేలిన చప్పుడు మాత్రం ఊరంతా విన్నది.

"మాపటిదాక ఆగితే తల్లి దక్కదు, బిడ్డా దక్కదు," అంది దుర్గ.

నులకమంచాన్ని వెదురు బొంగుకు కట్టి చిన్నమ్మిని పడుకోబెట్టారు. నలుగురు భుజాలకెత్తారు. కానీ ముందు ఎవరు నడవాలి? పటేల్ కళ్ళు భీమే వైపు తిరిగాయి. ఆ వెంటనే అందరి కళ్ళూ తిరిగాయి.

భీమే ఇంట్లోకి ఉరికి సీసా పట్టుకొచ్చింది.

"ఇది సీసా వాసన పటేల్ మామా! నాది గాదు. కొట్ల కొన్నది. నాకు నిబ్బరం లేదు, ఏం లేదు. నాకు అన్నిటికీ భయమే!" అని ఏడ్చింది.

గంగే ముందుకొచ్చి కోడలి భుజం పట్టుకుంది.

"నాకు ఎరుకే. వీళ్ళకే ఎరుక లేదు. కుందేలు పిల్లను పట్టుకుంటే ఇదే వాసన వస్తది. భయమున్న జీవి మట్టికి ఒత్తుకుని పడుంటది, అందుకే దానికి మట్టి వాసన. నందకు భయమంటే ఏందో తెల్వదు. ఏమైంది? నీ లెక్క భయపడేది ముందు పోవాలె."

మంచం మీంచి చిన్నమ్మి "వదినా" అని పిలిచింది.

భీమే అడవిలోకి అడుగుపెట్టింది. అడుగు వేసి ఆగుతుంది. గడ్డి మొలిచి జానెడు ముందుకు పాకుతుంది. ఆ పచ్చ మీద రెండో కాలు పెడుతుంది. వెనక అత్త, అత్త వెనక మంచం, అందరూ ఆ గడ్డి మీదనే. వాన సన్నగా పడుతోంది. ఆకు రాలినా గుండె ఆగినంత పనవుతోంది. మోసేవాళ్ళు తుళ్ళిపడతారని చిన్నమ్మి కొంగు నోట్లో కుక్కుకుని మూలుగుతోంది.

పడిపోయిన సాల మాను దాటాక భీమే ఆగింది. అటూ ఇటూ గడ్డి మొలిచింది. ఎదురుగా పళ్ళెమంత మేర ఎర్రమన్ను అలాగే ఉండిపోయింది. ఆమె చూసింది. ఇంకాసేపు చూసింది. అక్కడ పోచ కూడా లేవలేదు.

"ఆగితివేంది? నెత్తురు పోతాంది, తొందరగా నడువ్!" అని దుర్గ వెనక నుంచి అరిచింది.

గుండె గట్టి మనిషైతే కింద రాయి ఉంటుందిలే అనుకుని కాలు పెట్టేసేది. భీమే కాలు లేవలేదు.

"అత్తా, నాకు భయమైతాంది," అంది.

ఎవరూ ఎందుకని అడగలేదు. మంచం ఉన్నచోటే ఆగిపోయింది. భీమే కాలి వేళ్ళు మెల్లగా ఎడమకు తిప్పింది. ముళ్ళపొదలోకి సన్నగా పచ్చ పాకింది. చీర చిరిగినా, మోకాళ్ళు చీరుకుపోయినా ఆ పొదలోంచే నడిచింది. మంచం ఒరుగుతూ ఆమె వెనకే వచ్చింది. గంగే ఒక కొమ్మ విరిచి ఆ ఎర్రమన్ను పక్కన గుర్తుగా గుచ్చింది.

రోడ్డు మీద బండి ఎదురుచూస్తోంది. చిన్నమ్మి బతికింది. ఆడపిల్ల పుట్టింది. భీమే మాత్రం జ్వరంతో పడుకుంది. లేచేసరికి సీసా ఖాళీ, ఒంటి మీద వాసన ఏనాడో పోయింది. గడ్డి మాత్రం ఆమె అడుగుల కింద మొలుస్తూనే ఉంది. అడవి బాట మీది పచ్చ దారిలో జనం రేషన్‌కు పోయి వస్తున్నారు.

ఒకరోజు పొద్దున అవతలి పల్లె నుంచి కొందరు వచ్చి వాకిట్లో కూర్చున్నారు. జగర్‌గుండా సంతకు పోయే వాళ్ళ పాత బాట కూడా అలాగే మూసుకుపోయి ఉంది. భీమే గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నేను ధైర్యమున్న మనిషిని గాదు. మీకెవలో తప్పు జెప్పిండ్రు. నాకు భయం," అంది.

వాళ్ళలో ఒక ముసలామె తలెత్తి చూసింది.

"నీకు భయమనే చెప్పిండ్రు బిడ్డా. అందుకే నడిచొచ్చినం."

భీమేకి ఏడుపొచ్చింది. ఇక బతుకంతా ఇంతేనని, ఎవరో ఒకరికి ముందు నడుస్తూ అడుగడుగునా చచ్చి బతకడమేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. కాసేపటికి ముఖం కడుక్కుని, చీర పైకి దోపుకుని, వాళ్ళ ముందు నడిచింది.