విసుగు లేని గొంతు

మా కంపెనీ తయారుచేసే ఎలుగుబంటి బొమ్మ పిల్లలు ఏమడిగినా జవాబు చెబుతుంది. దాని గొంతు నాదే. స్టూడియోలో నేను మాటలు చదువుతుంటే, అద్దం వెనక నుంచి సౌండ్ ఇంజినీరు చెయ్యెత్తేవాడు.

"మేడమ్, ఇక్కడ కాస్త విసుగు వినబడుతోంది. ఇంకోసారి చెప్పండి."

విసుగు తగిలిన ప్రతి మాటనూ కోసి పారేశాడు మహానుభావుడు. అతను పారేసిందంతా నాతోపాటు ఇంటికొచ్చేదని అతనికేం తెలుసు!

తయారైన మొదటి బొమ్మను మా పాపకే ఇచ్చాను. వాన ఎందుకు పడుతుందని పాప ఎన్నిసార్లు అడిగినా ఎలుగుబంటి అంతే ముద్దుగా చెప్పేది. నేనేమో ఆఫీసు నుంచి ఒళ్ళు హూనమై వచ్చి, చెప్పులు విప్పకముందే "నా ప్రాణం తియ్యకే తల్లీ" అని కసిరేదాన్ని. పోనుపోను పాప నన్నేమీ అడగడం మానేసింది. ఇల్లు ప్రశాంతంగా ఉందని సంబరపడ్డాను కూడా.

నిన్న పాపకు జ్వరం వచ్చింది. సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నానికి చార్జింగ్ అయిపోయి బొమ్మ మూగబోయింది. ఇదే అదను అనుకున్నాను. పాప నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, స్టూడియోలో చదివిన మాటల్నే, అదే గొంతుతో, అంతే మెల్లగా చెప్పాను.

"నేనున్నాను కదా బంగారం, భయమెందుకు?"

పాప కళ్ళు తెరిచింది. నా మొహంలోకి చూసి, బొమ్మను దగ్గరికి లాక్కుంది.

"దాన్ని వెక్కిరించకమ్మా," అంది. "పాపం, చార్జింగ్ పెట్టు."

లేచి చార్జర్ వెతికాను.