ఉప్పెక్కిన మడి

తుహాన్ ముసలాయన పొద్దున్నే మడిలోకి దిగి, వేలితో కాస్త బురద తీసి నాలుక మీద పెట్టుకుని ఊసేవాడు. ఊరంతా ఆయన్ని చూసి నవ్వేది.

"ఏం మామా, ఉప్పు సరిపోయిందా? ఇంకాస్త వెయ్యమంటావా?" అని కోడలు ఇనో కూడా నవ్వుతూనే అడిగేది.

"సరిపోయిందే అమ్మాయ్. ఇంక చేపలు పడితే కూరే" అనేవాడాయన.

అన్నట్టే చేపలూ వచ్చాయి. పోటు నీళ్ళతో పాటు సముద్రపు చేపలు మడి పక్క కాలవలోకి ఎదురెక్కి వచ్చాయి. జనం బుట్టలు పట్టుకుని పరుగెత్తారు. ఆ పూట గుంజల మీద ఉన్న ఇళ్ళన్నిట్లోనూ కాల్చిన చేపల వాసనే. తుహాన్ మాత్రం ముట్టుకోలేదు. "వీటికి ఇక్కడేం పని?" అని గొణుక్కుంటూ కూర్చున్నాడు.

ఆయన తల్లి రోజుల్లో వరి దానంతటదే మడుగుల అంచున మొలిచేది. ఆడవాళ్ళు పడవల్లో వెళ్ళి, వెన్నులు వంచి, గింజలు దులుపుకొచ్చేవారు. రెల్లు నరికి, మడి చేసి, విత్తనం దాచి చల్లడం ఈ తీరాన తుహాన్ ఈడువాళ్ళే మొదలుపెట్టారు. ఆ మడుల వల్లనే ఇన్ని ఇళ్ళు లేచాయి, ఇంతమంది పిల్లలు పుట్టారు. ఇప్పుడు మడికి ఉప్పెక్కి, గింజ సగం తాలే వస్తోంది.

చలికాలమంతా ఊరు ఊరంతా సముద్రం వైపు గట్టు పోసింది. గేదె భుజం ఎముకలతో చేసిన పారలు విరిగిపోతే, ఆడవాళ్ళు చేతులతోనే మట్టి ఎత్తారు. ఇనో మొగుడు దాకెన్ అందరికంటే ఎక్కువ మోశాడు. గట్టు మనిషి నడుమెత్తు లేచాక దాని మీద నిలబడి, "ఇప్పుడు రమ్మను చూద్దాం" అన్నాడు సముద్రం వైపు చూస్తూ.

వరి పాలుపోసుకునే రోజుల్లో వచ్చింది. అమావాస్య పోటుకి గాలివాన తోడైంది. మధ్యాహ్నానికల్లా నీళ్ళు గట్టు అంచుకి చేరాయి, ఆ తర్వాత గట్టు మీంచి పొర్లాయి. ఇనో, కూతురు మియేని చంకనేసుకుని అరుగు మీద నిలబడి చూస్తూనే ఉంది.

మర్నాటికి సముద్రం వెనక్కి తగ్గింది. మడిలోని నీళ్ళు మాత్రం తగ్గలేదు. ఇన్నాళ్ళూ కష్టపడి పోసిన గట్టే వాటిని లోపల పట్టి ఉంచింది. జనం కుండలతో తోడి అవతల పోయసాగారు. ఎంత తోడినా నీళ్ళు తోడినట్టే కనిపించలేదు.

"గట్టు తెంపండ్రా" అన్నాడు తుహాన్.

"తెంపితే రాత్రి పోటుకి మళ్ళీ వస్తుంది నాయనా!" అన్నాడు దాకెన్.

"తెంపకపోతే ఇక్కడే ఉంటుంది. ఏదో ఒకటి చెయ్యి."

దాకెన్ పార ఎత్తాడు. తను పోసిన చోటే తను తవ్వాడు. నీళ్ళు హోరుమని పోయాయి. నాలుగు ఎండలు కాసేసరికి వెన్నులు నిలువునా తెల్లబడ్డాయి. గింజ నలిపితే లోపల ఏమీ లేదు.

ఆ చలికాలం అడవి గింజలు నానబెట్టి, చేదు తీసి, పిండి చేసుకుని గడిపారు. దాచిన విత్తనం కూడా తడిసి మురిగిపోయింది. వానలు పడి మడి కాస్త కడిగినట్టు అనిపించగానే, ఇనో పడవేసుకుని ఏటికి ఎగువన ఉన్న అక్క సేయు దగ్గరికి వెళ్ళింది.

సేయు మొగుడు కోయన్ ఆ ఊరికి పెద్ద. విత్తనం మాటెత్తగానే మొహం తిప్పుకున్నాడు. "మా మడులు తినడానికే చాలట్లేదు మరదలా. సముద్రంలో చల్లుకోవడానికి ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

"అది నా చెల్లెలు" అంది సేయు. "ఇవ్వకపోతే నేను వంట మానేస్తా. ఊరికే అంటున్నాననుకోకు."

మొగుడూ పెళ్ళాల మధ్య చాలాసేపు మాటలు నడిచాయి. చివరికి కోయన్ ఒక కుండ నిండా విత్తనం తెచ్చి, ఇనో ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

చల్లారు. మొలిచింది. వేలెడెత్తు పచ్చగా లేచేసరికి దాకెన్ ఊళ్ళో అందర్నీ పిలిచి చూపించాడు. ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. మడి ఎండిన కొద్దీ బురద మీద తెల్లటి పొర తేలింది. మొక్కల కొసలు మాడాయి, తర్వాత మొదళ్ళు. ఇనో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మడుగు నీళ్ళు తెచ్చి పోసింది. ఆ మడుగూ ఉప్పగానే ఉందని తెలిసి కూడా పోసింది.

ఊరంతా అక్కణ్ణుంచి తరలిపోదామని తేల్చుకుంది. "నువ్వు ముందు వెళ్ళి మీ అక్కతో చెప్పు. నీ వెనకే పందులూ పిల్లలూ అంతా వస్తారని నెమ్మదిగా చెప్పు" అన్నాడు దాకెన్. ఇనో మియేని తీసుకుని బయల్దేరింది.

సేయు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "పైరు ఎంత ఎత్తొచ్చిందే? మా ఆయన రోజూ దెప్పుతున్నాడు, ఆ గింజలు చేపలు తినేశాయని. చెప్పు, ఎంత ఎత్తు?"

ఇనో చెయ్యి దానంతటదే మోకాలి దగ్గర ఆగింది.

"చూశావా!" సేయు గిర్రున వెనక్కి తిరిగి మొగుణ్ణి కేకేసింది. "మోకాలెత్తట! విన్నావా?"

ఇనో నోరు తెరిచేలోపే అక్క లోపలికి లాక్కెళ్ళి, వేడి అన్నం గిన్నెలు రెండు ముందు పెట్టింది. మియే తల ఎత్తకుండా తింది. ఇనో మెతుకులు కెలుకుతూ కూర్చుంది. చెబుదాం, తిన్నాక చెబుదాం అనుకుంది.

అంతలో ఒడ్డు నుంచి కేకలు వినిపించాయి. ఏటి మలుపులో పడవలు వరసగా వస్తున్నాయి. పందులు, చాపలు, కుండలు, ఇళ్ళ నుంచి ఊడబెరికిన గుంజలు. ముందు పడవలో గెడ వేస్తూ దాకెన్, అతని వెనక ముసలి తుహాన్.

సేయు పడవల్ని చూసింది. తర్వాత చెల్లెలి వైపు చూసింది. ఇనోకి చెంప మీద కొట్టినా బావుండుననిపించింది.

కోయన్ మనుషులు పారలు పట్టుకుని ఒడ్డున నిలబడ్డారు. కొట్టడానికి రాలేదు, చెయ్యి అందించడానికీ రాలేదు. "ఇంతమందికి మా దగ్గర చోటు లేదు" అన్నాడు కోయన్. అతని గొంతులో కోపం లేదు. "ఇంకా ఎగువకి పోండి. కొండల కింద రెల్లు నేలలున్నాయంటారు. మరదలు ఉంటానంటే ఉండొచ్చు, పిల్ల కూడా."

ఇనో దాకెన్ వైపు చూసింది. అతను గెడ మీద వాలి నిలబడ్డాడు. "ఉండు, పిల్లకి తిండి దొరుకుతుంది" అన్నాడు. పడవలో ముసలాయన దగ్గు ఆగడం లేదు. గెడ వేసేది దాకెన్ ఒక్కడే, ఎదురు ప్రవాహం.

ఇనో మియే చేతిని అక్క చేతిలో పెట్టింది.

"ఎప్పుడొస్తావే అమ్మా?" అంది పిల్ల.

"పంట చేతికి రాగానే."

"ఏ మడిలో?"

సేయు పిల్లని దగ్గరికి లాక్కుంది. ఇనో నీళ్ళలోకి దిగి పడవెక్కి, తెడ్డు అందుకుంది. ఆ మలుపులో ఏరు ఉరవడిగా ఉంది. ఒకరు తెడ్డు ఆపితే పడవ వెనక్కి జారిపోతోంది. వెనక నుంచి మియే పిలుస్తోంది. ఇనో తల తిప్పలేదు. తిప్పే వీలే లేకపోయింది.